మీ సర్వీసుకు ఏ వోల్టేజీ అడగాలి? విశాఖలో సింగిల్ ఫేజ్ నుంచి 33 కేవీ దాకా ఎంచుకునే పద్ధతి

ఆనందపురంలో పూలకు చిన్న కోల్డ్ రూమ్ కట్టుకునే రైతైనా, మధురవాడలో ఫంక్షన్ హాలు లేపుతున్న వ్యాపారైనా కరెంటు ఆఫీసుకెళ్లి మొదట అడిగేది ఒకటే: త్రీ ఫేజ్ ఎన్నాళ్లకిస్తారు? అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. ఏ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) నుంచి, ఏ వోల్టేజీలో, ఎంత డిమాండుకు? ఈ మూడూ కాగితం మీద పెట్టుకుని వెళ్తే ఆఫీసులో మాట తొందరగా తెగుతుంది. పెట్టుకోకపోతే వాళ్లు రాసిన ఎస్టిమేట్‌కి డబ్బు కట్టి, రెండేళ్ల తర్వాత మళ్లీ అదే ఆఫీసుకు ఇంకో దరఖాస్తుతో వెళ్లాలి.

అందుబాటులో ఉన్నవి ఇవి

విశాఖ జిల్లాతో పాటు ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాలకు కరెంటిచ్చేది ఏపీఈపీడీసీఎల్. ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. చిన్న ఇంటికి, చిన్న షాపుకి సింగిల్ ఫేజ్ 240 వోల్టులు. దానిమీద త్రీ ఫేజ్ 415 వోల్టులు. ఈ రెండూ ఎల్‌టీ, అంటే తక్కువ వోల్టేజీ. ఎల్‌టీకి చాలాకాలంగా నడుస్తున్న గీత 75 కిలోవాట్లు, అంటే 100 హెచ్‌పీ. అది దాటితే హెచ్‌టీ, అంటే ఎక్కువ వోల్టేజీ. కేవీ అంటే వెయ్యి వోల్టులు, కేవీఏ అంటే వోల్టులనీ ఆంపియర్లనీ కలిపి వేసే లోడు లెక్క.

హెచ్‌టీలో మామూలు ఫీడరు మీదైతే 1500 కేవీఏ దాకా 11 కేవీ, 1501 నుంచి 5000 దాకా 33 కేవీ, ఆపైన 132 లేదా 220 కేవీ. సబ్‌స్టేషన్ నుంచి మీకోసమే ప్రత్యేకంగా ఫీడరు వేయించుకుంటే ఈ హద్దులు పెరుగుతాయి: 11 కేవీలోనే 2500 దాకా, 33 కేవీలో 10,000 కేవీఏ దాకా తీసుకోవచ్చు. విద్యుత్ నియంత్రణ మండలి ఏటా టారిఫ్ ఆర్డరు ఇస్తుంది. రేట్లకూ హద్దులకూ మీరు దరఖాస్తు పెట్టే రోజున అమల్లో ఉన్న ఆర్డరే లెక్క. మీ ఎలక్ట్రీషియన్‌కి గుర్తున్న పాత అంకెల మీద బడ్జెట్ వేసుకోకండి.

వోల్టేజీ పెంచితే ఏమొస్తుందో ఒక్క లెక్కలో తెలిసిపోతుంది. 100 కేవీఏ లోడుకి 415 వోల్టుల దగ్గర సుమారు 139 ఆంపియర్లు తీగలో పారాలి. అదే లోడుకి 11 కేవీలో 5.25 ఆంపియర్లు చాలు. తీగలో పోయే నష్టం ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి తేడా మామూలుగా ఉండదు. పరవాడ దగ్గర 2000 మెగావాట్ల సింహాద్రి కేంద్రం ఉండి కూడా, దానికి కొద్ది దూరంలోని ఊళ్లో లైను చివరి ఇంట్లో ఫ్యాను మెల్లగా తిరగొచ్చు. లోవోల్టేజీ అనగానే పైనుంచే కరెంటు తక్కువ వస్తోందని అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం ట్రాన్స్‌ఫార్మర్‌కీ మనకీ మధ్య ఉన్న తీగే.

మొదట కొలవండి

మంచి మల్టీమీటర్ ఒకటి తెచ్చి, చెయ్యి తిరిగిన ఎలక్ట్రీషియన్‌తో మీటరు దగ్గర రీడింగులు తీయించండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మోటార్లన్నీ నడిచే వేళ ఒకసారి, సాయంత్రం ఏడింటికి ఒకసారి. ఒక వారం తీస్తే చాలు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఎంతుందో, త్రీ ఫేజ్ ఉంటే ఒక్కో జత ఫేజుల మధ్య ఎంతుందో విడివిడిగా రాయండి. లోడు వేసి కొలవడం ముఖ్యం. అన్నీ ఆపేసి చూస్తే ఏ లైనైనా బాగానే కనిపిస్తుంది.

ఎల్‌టీలో 6 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే సింగిల్ ఫేజ్‌లో సుమారు 226 నుంచి 254, త్రీ ఫేజ్‌లో 390 నుంచి 440 వోల్టులు. 11 కేవీ, 33 కేవీలకు పైకి 6 శాతం, కిందికి 9 శాతం.

రీడింగుల్ని ఇలా చదవాలి. మూడు ఫేజుల్లో ఒకటి 205, మిగతావి 240 ఉంటే ఊరి లోడంతా ఒక ఫేజు మీద పడిందన్నమాట. లైన్‌మన్ కొన్ని సర్వీసుల్ని పక్క ఫేజుకి మారిస్తే సరిపోతుంది, మీకు రూపాయి ఖర్చుండదు. ఒకటి 190కి పడి ఇంకొకటి 280కి ఎగిరితే న్యూట్రల్ జాయింటు వదులైందని అనుమానించాలి. అప్పుడు మెయిన్ ఆపేసి వెంటనే 1912కి ఫోన్ చేయండి, టీవీ ఫ్రిజ్ కాలిపోయేది ఇలాంటప్పుడే. మూడూ కలిసి సాయంత్రం పడిపోతుంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువైంది, లేదా మీరు లైను చివర ఉన్నారు. ఆ వారం రీడింగుల కాగితం జతచేసి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారికి రాసివ్వండి. అదనపు ట్రాన్స్‌ఫార్మర్ వేయడం, తీగ సైజు మార్చడం సంస్థ చేయాల్సిన పనులు. వాటితో సరిపోయే చోట పెద్ద వోల్టేజీకి దరఖాస్తు పెట్టడం డబ్బు దండగ.

లోడు పట్టిక రాయడం

ప్రతి యంత్రం నేమ్‌ప్లేటు ఫోటో తీసి, వరసగా రాయండి: హెచ్‌పీ లేదా కిలోవాట్లు, ఎన్ని, ఏ వేళల్లో నడుస్తుంది, ఏది ఏదానితో కలిసి నడుస్తుంది. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. ఈ పట్టికలోంచి రెండు అంకెలు రావాలి. అన్నీ కలిపితే వచ్చేది కనెక్టెడ్ లోడు. ఒక్కసారిగా నడిచేవాటిలో గరిష్ఠం డిమాండు. ఎల్‌టీలో ఎక్కువగా మొదటిది చూస్తారు, హెచ్‌టీలో రెండోదాన్ని కేవీఏలో చూస్తారు. ఈ తేడా తెలియకే చాలామంది అవసరానికి మించి ఒప్పందం రాసుకుంటారు.

మోటార్లుంటే స్టార్టింగ్ కరెంటు కూడా లెక్కలోకి తీసుకోవాలి. డైరెక్టుగా వేసే మోటారు మొదలయ్యే క్షణాన మామూలుకి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. లైను బలహీనంగా ఉంటే ఆ క్షణంలోనే వోల్టేజీ పడిపోయి, మోటారు తిరగలేక మూలుగుతూ వేడెక్కుతుంది.

పల్లెలో: ముందు ఫీడరు అడగండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. పల్లెల్లో త్రీ ఫేజ్ తీగలు పొలం మీదుగా పోతున్నాయి కాబట్టి మనకీ త్రీ ఫేజ్ వచ్చేసినట్టే అనుకుంటారు. అవి వ్యవసాయ ఫీడరు తీగలైతే త్రీ ఫేజ్ పగటిపూట 9 గంటలే. పొలం దగ్గర లైన్‌మన్‌ని అడిగితే సూటిగా చెప్తాడు: "రాత్రి త్రీ ఫేజు రాదు బాబూ, మోటారు ఎయ్యకండి." మోటారుకి ఆ 9 గంటలు చాలు. కోల్డ్ రూమ్‌కి చాలవు. పిండిమిల్లుకి, పాల చిల్లింగుకి, కోళ్ల షెడ్డుకి అసలే చాలవు.

వ్యవసాయ సర్వీసు మీద కోల్డ్ రూమ్ నడిపించుకుందాం, ఉచిత కరెంటే కదా అన్న ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. ఒక అవసరానికి తీసుకున్న కరెంటు ఇంకోదానికి వాడటం విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 126 కిందికి వస్తుంది. వర్తించే టారిఫ్‌కి రెట్టింపు వేసి నోటీసు ఇస్తారు. ఊరికి 24 గంటలూ కరెంటిచ్చే ఫీడరు నుంచి, సరైన కేటగిరీలో వేరే సర్వీసు తీసుకోవడమే దారి. వ్యవసాయం కేటగిరీ 5, వ్యాపారం 2, పరిశ్రమ 3. మీ పని ఏ కేటగిరీలోకి వస్తుందో దరఖాస్తుకు ముందే ఏఈ గారిని అడిగి, వీలైతే కాగితం మీద తీసుకోండి.

ఉదాహరణకు ఆనందపురం పక్కన ఒక పొలం. 5 హెచ్‌పీ కంప్రెసరు, రెండు బ్లోయర్లు, దీపాలు, కడిగే నీళ్లకు 1 హెచ్‌పీ మోటారు. మోటార్ల నష్టాలు కూడా కలిపితే లాగేది 7 కిలోవాట్ల దాకా ఉంటుంది. 8 కిలోవాట్లకు త్రీ ఫేజ్ అడగాలి. 24 గంటల ఫీడరు మీదున్న ట్రాన్స్‌ఫార్మర్ 400 మీటర్ల దూరంలో ఉంది.

ఖర్చు తగ్గుతుందని ఇక్కడ సింగిల్ ఫేజ్‌లో 3 హెచ్‌పీ కంప్రెసరు పెట్టుకున్నారనుకుందాం. అది దాదాపు 16 ఆంపియర్లు లాగుతుంది. తీగ రెసిస్టెన్సు కిలోమీటరుకి ఒక ఓమ్ అనుకుంటే, పోయి రావడానికి 800 మీటర్లు కాబట్టి నడుస్తున్నప్పుడే సుమారు 13 వోల్టులు పోతాయి. మొదలయ్యే క్షణంలో 50 వోల్టులు పోయినా ఆశ్చర్యం లేదు. అదే తీగతో త్రీ ఫేజ్‌లో 5 హెచ్‌పీ కంప్రెసరు 8 ఆంపియర్లే లాగుతుంది, 415లో పోయేది సుమారు 5.5 వోల్టులే. పెద్ద కంప్రెసరుకి తక్కువ బాధ.

దూరం 400 కాకుండా కిలోమీటరు ఉంటే ఎల్‌టీ తీగ లాగడం గురించి ఆలోచించడమే తప్పు. 11 కేవీ లైనునే పొలం దాకా తెచ్చి, అక్కడ 16 లేదా 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించమని అడగండి. 25 కేవీఏకి 11 కేవీ వైపు 1.3 ఆంపియర్లే పారుతుంది, కాబట్టి తీగలో పోయేది లెక్కలోకి రాదు. వ్యవసాయ మోటార్లకు హెచ్‌వీడీఎస్ పేరుతో చేసింది ఇదే. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి పొడుగాటి ఎల్‌టీ తీగలు లాగే బదులు, నలుగురైదుగురు రైతులకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్. పక్క పొలాల వాళ్లు కూడా కలిసొస్తే ఎస్టిమేట్ పంచుకోవచ్చు. అయితే అది ఎవరి పేరున, ఏ అవసరానికి అన్నది ముందే రాసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడు మొదలయ్యే గొడవలు ఊళ్లో అందరికీ తెలిసినవే.

రైతులకు ఇంకో రెండు మాటలు. 5 హెచ్‌పీ మోటారుకి 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టుకుంటే లైనులో కరెంటు తగ్గుతుంది, అందరి వోల్టేజీ కాస్త మెరుగవుతుంది. ఆటో స్టార్టర్లు తీసేయండి. కరెంటు పోయి వచ్చిన క్షణాన ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తే ఫ్యూజులు నిలవవు. రాత్రిపూట సింగిల్ ఫేజ్ మీద కండెన్సర్ పెట్టి త్రీ ఫేజ్ మోటారు తిప్పే పద్ధతి మోటారు వైండింగుకీ ట్రాన్స్‌ఫార్మర్‌కీ రెండింటికీ చేటు.

పాడేరు, అరకు వైపు కాఫీ పల్పింగు (పండు తొక్క తీసే) యూనిట్లు పెట్టేవాళ్లకు లెక్క వేరు. 11 కేవీ లైన్లు అడవిలోంచి చాలా దూరం వస్తాయి, గాలివానకి చెట్టు కొమ్మ పడితే గంటల తరబడి కరెంటుండదు. లైను అటవీ భూమి దాటాల్సి వస్తే అటవీ శాఖ అనుమతికి టైము పడుతుంది. పల్పింగు నెలల్లో పని ఆగకూడదు కాబట్టి త్రీ ఫేజ్ తీసుకున్నా డీజిల్ జనరేటర్ ఖర్చు బడ్జెట్‌లో వేసుకునే దిగండి.

వ్యాపారంలో: 75 కిలోవాట్ల గీత దగ్గర

ద్వారకానగర్లో ఒక మామూలు షోరూముకి త్రీ ఫేజ్ ఎల్‌టీ చాలు, పెద్దగా ఆలోచించేది లేదు. మూడు ఫేజుల మీదా ఏసీలు సమానంగా పంచమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి, అంతే.

చిక్కంతా 60 నుంచి 100 కిలోవాట్ల మధ్య ఉన్నవాళ్లది. మధురవాడ ఫంక్షన్ హాలే చూడండి. 10 టన్నుల డక్టబుల్ ఏసీలు నాలుగు, ఒక్కోటి 12 కిలోవాట్ల లెక్కన 48. లైట్లు, డెకరేషన్ సాకెట్లు 16. వంటశాల, ఎగ్జాస్టులు 9. లిఫ్టు 7. నీళ్ల మోటార్లు 5. మొత్తం 85. గీత దాటింది.

ఇప్పుడు మూడు దారులున్నాయి. ఒకటి, హెచ్‌టీకి వెళ్లడం. రెండోది, లోడు నిజంగా తగ్గించడం. సీలింగుకి ఇన్సులేషన్ వేసి, పడమటి గోడ అద్దాలకు నీడ కల్పిస్తే నాలుగో ఏసీ అక్కర్లేకపోవచ్చు. అప్పుడు 73తో ఎల్‌టీలోనే ఉంటారు. అంచు మీద ఉన్నారు కాబట్టి రేపొద్దున ఇంకేం పెట్టకూడదన్న గ్రహింపు ఉండాలి. మూడో దారి అందరూ చెవిలో చెప్పేది: కింద అంతస్తు ఒకరి పేరున, పైది ఇంకొకరి పేరున రెండు ఎల్‌టీ మీటర్లు. ఒకే ఆవరణ, ఒకే వ్యాపారం అయితే తనిఖీలో రెండూ కలిపి చూస్తారు, హెచ్‌టీ లెక్కన బిల్లు వేస్తారు. నిజంగా వేరువేరు దుకాణాలు, వేరువేరు గోడలు, వేరువేరు అద్దె పత్రాలు ఉంటే అది వేరే సంగతి.

హెచ్‌టీకి వెళ్తే ఒప్పందం ఎంతకు రాయాలి? ఈ హాల్లో ఏసీలు 48, లైట్లు 13, వంటశాల 6, లిఫ్టు 3 కలిసి నడిస్తే 70 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతు) 0.95 ఉంచితే దాదాపు 74 కేవీఏ. 80 కేవీఏకి రాసుకుంటే సరిపోతుంది. సలహాదారులు చాలామంది "రౌండుగా 100 రాసేయండి సార్" అంటారు. హెచ్‌టీ బిల్లులో డిమాండు చార్జీ మీరు ఆ నెల వాడిన గరిష్ఠానికో, ఒప్పందంలో 80 శాతానికో, ఏది ఎక్కువైతే దానికి పడుతుంది. 100 రాస్తే ఆషాఢంలోనూ, మూఢం వచ్చి ముహూర్తాలు లేని నెలల్లోనూ హాలుకి తాళం వేసి ఉన్నా 80 కేవీఏకి కట్టాలి. 80 రాస్తే 64కే. మరీ బిగించి 65 రాసుకుంటే శ్రావణంలో దాటిపోయి అదనపు చార్జీలు పడతాయి. ముహూర్తాల క్యాలెండరు ముందు పెట్టుకుని ఈ అంకె రాయాలి.

హెచ్‌టీలో ట్రాన్స్‌ఫార్మర్ మీ సొంతం. కొనడం, పెట్టే చోటు, నూనె పరీక్ష, రిపేరు అన్నీ మీ ఖాతా. ఖాళీగా ఉన్నా అది కొంత కరెంటు తింటుంది. 200 వాట్లు అనుకున్నా నెలకు 144 యూనిట్లు. బిల్లు కేవీఏహెచ్‌లో (కేవీఏ గంటల్లో) వస్తుంది కాబట్టి పవర్ ఫ్యాక్టర్ పడితే సూటిగా జేబుకే చిల్లు. ఆటోమేటిక్ కెపాసిటర్ ప్యానల్ లేకుండా హెచ్‌టీ తీసుకోవద్దు. నా మటుకు, 70 కిలోవాట్ల డిమాండు ఏడాదిలో 200 రోజులైనా తగలనివాళ్లు ఎల్‌టీలో ఇమిడే దారి వెతుక్కోవడమే మేలు. ఐస్ ఫ్యాక్టరీ, కోల్డ్ స్టోరేజీ లాగా రోజంతా నడిచేవాళ్లు వెనకాడకుండా 11 కేవీకి వెళ్లొచ్చు.

ఈవీ చార్జర్లు పెట్టాలనుకునే హోటళ్లకు: 7.4 కిలోవాట్ల చార్జరు సింగిల్ ఫేజ్‌లో నడుస్తుంది, 22 కిలోవాట్లది త్రీ ఫేజ్. 60 కిలోవాట్ల డీసీ ఫాస్ట్ చార్జరు ఒక్కటే పాత లోడు మీద కలిస్తే ఎల్‌టీ గీత దాదాపు ఖాయంగా దాటుతుంది. ఈవీ చార్జింగుకు టారిఫ్ వేరు, అందుకని దానికి విడి సర్వీసు అడగండి.

33 కేవీ గురించి ఎక్కువ చెప్పను. అచ్యుతాపురం లాంటి చోట 1500 కేవీఏ దాటిన యూనిట్లకు సొంత ఇంజినీర్లు ఉంటారు. ఇంకా 1300 దగ్గరుండి విస్తరణ ప్లాను ఉన్నవాళ్లు మాత్రం ప్రత్యేక 11 కేవీ ఫీడరు ఖర్చునీ 33 కేవీ ఖర్చునీ పక్కపక్కన వేసి చూడండి. సబ్‌స్టేషన్ రెండు మూడు కిలోమీటర్లలో ఉంటే ప్రత్యేక ఫీడరే చవక పడొచ్చు.

సముద్రపు గాలి, భూగర్భ కేబుళ్లు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ స్తంభాలు పడగొట్టాక, ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో కొంత మేర కేబుళ్లు భూమిలోకి వెళ్లాయి. మీ వీధిలో భూగర్భ కేబుల్ ఉంటే హెచ్‌టీ కనెక్షను రింగ్ మెయిన్ యూనిట్ (భూగర్భ కేబుళ్ల స్విచ్ బాక్సు) నుంచి వస్తుంది. స్తంభాల ఎస్టిమేట్ అంకెలు అక్కడ పనికిరావు, కేబుల్, తవ్వకం, రోడ్డు పూడ్చడం కలిపి అడగండి. ఫిషింగ్ హార్బర్, భీమిలి తీరాల్లో ఉప్పు పొర ఇన్సులేటర్ల మీద పేరుకుని, మంచు పడ్డ తెల్లవారుజామున స్పార్కులొస్తాయి. అక్కడ పాలిమర్ ఇన్సులేటర్లు, తుప్పు పట్టని ప్యానల్ బాక్సులు స్పెసిఫికేషన్లోనే రాయించాలి.

దరఖాస్తు, ఎస్టిమేట్, చార్జింగ్

ఎల్‌టీకి గుర్తింపు కార్డు, స్థలం పత్రం లేదా అద్దె ఒప్పందం, లోడు పట్టిక, లైసెన్సున్న కాంట్రాక్టరిచ్చే వైరింగ్ టెస్ట్ రిపోర్టు పట్టుకెళ్లండి. హెచ్‌టీకి వీటికితోడు సైట్ ప్లాను, సింగిల్ లైన్ డయాగ్రమ్, కంపెనీ అయితే బోర్డు తీర్మానం. ఆన్‌లైన్లో పెట్టినా రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ ఉన్న రసీదు ప్రింటు తీసి ఉంచుకోండి. గడువులన్నీ ఆ తేదీ నుంచే లెక్క. కొత్త లైను అక్కర్లేని కనెక్షన్లకు 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం మెట్రోపాలిటన్ ప్రాంతాల్లో 3 రోజులు, ఇతర మున్సిపాలిటీల్లో 7, గ్రామాల్లో 15, కొండ ప్రాంత గ్రామాల్లో 30 రోజులు. లైను వేయాల్సి వస్తే గడువు పెరుగుతుంది.

ఎస్టిమేట్ చేతికొచ్చాక డబ్బు కట్టే ముందు వరసల వారీగా చదవండి. మీ ఒక్కరి కోసం వేసే లైను ఎంత, సంస్థ తన అవసరానికి మార్చుకునే తీగ ఎంత? రెండోది మీ ఖాతాలో కలిసి ఉంటే రాతపూర్వకంగా అడగండి. సెక్యూరిటీ డిపాజిట్ తిరిగొచ్చే సొమ్ము, డెవలప్‌మెంట్ చార్జీ రాదు. రెండింటినీ ఒకే గంపగుత్తగా చూడకండి. పని మీరే లైసెన్సు కాంట్రాక్టరుతో చేయించుకుని సంస్థకు పర్యవేక్షణ చార్జీ కట్టే పద్ధతి కూడా ఉంది. తొందరున్నవాళ్లకు అదే నయం.

ట్రాన్స్‌ఫార్మర్ చోటు ఎంచేటప్పుడు టేపు పట్టుకోండి. 11 కేవీ తీగకీ గోడకీ మధ్య అడ్డంగా 1.2 మీటర్లు, తీగ భవనం మీదుగా పోతే పైకప్పు నుంచి 3.7 మీటర్లు తగ్గకూడదు. 33 కేవీకి అడ్డంగా 2 మీటర్లు. బాల్కనీ తర్వాత ముందుకు పెంచుదామనుకుంటే ఇప్పుడే లెక్క వేయండి. హెచ్‌టీ ఇన్‌స్టలేషన్‌కి ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ నుంచి ముందు డ్రాయింగు ఆమోదం, పనయ్యాక తనిఖీ చేసి చార్జింగ్ అనుమతి కావాలి. చాలామంది డ్రాయింగు ఆమోదం రాకుండానే ప్యానల్ ఆర్డరిచ్చేసి, మార్పులు చెప్పాక మళ్లీ ఖర్చు పెడతారు. ఎర్తింగ్ విలువలు, రిలే సెట్టింగులు ఉన్న టెస్ట్ రిపోర్టు కాపీ కాంట్రాక్టరు దగ్గర్నుంచి బిల్లు చెల్లించే ముందే తీసుకోండి.

కరెంటు ఇచ్చిన రోజు

లైన్‌మన్ వెళ్లిపోకముందే మూడు ఫేజుల వోల్టేజీ కొలిపించండి. తర్వాత త్రీ ఫేజ్ మోటార్లు ఒక్కోటి కాసేపు వేసి తిరిగే దిక్కు చూడండి. బోరు మోటారు ఉల్టా తిరిగితే నీళ్లు కొద్దిగా వస్తూనే ఉంటాయి, అందుకని వారం దాకా ఎవరూ పట్టించుకోరు. రెండు ఫేజులు అటూ ఇటూ మారిస్తే సరి. ఒక ఫేజు పోతే మోటారు ఆగేలా సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ తప్పనిసరిగా పెట్టించండి.

సీటీ (పెద్ద కరెంటును తగ్గించి మీటరుకు ఇచ్చే పరికరం) మీటరు ఉన్నవాళ్లు సీలు వేసే ముందు సీటీ రేషియో ఫోటో తీసుకోవాలి. సీటీ 200/5, మీటరు 5 ఆంపియర్లదైతే మల్టిప్లయింగ్ ఫ్యాక్టరు (రీడింగుని గుణించే అంకె) 40. మొదటి బిల్లులో ఆ అంకె 20 అని పడితే బిల్లు సగమే వస్తుంది. సంతోషపడి ఊరుకోకండి, ఎప్పుడో ఒకరోజు తేడా మొత్తం ఒకేసారి కట్టమని నోటీసు వస్తుంది. 80 అని పడితే రెట్టింపు కడుతూ పోతారు. మొదటి బిల్లులో చూడాల్సినవి కేటగిరీ, ఒప్పంద లోడు, ఈ ఫ్యాక్టరు.

తేడా ఉంటే ముందు ఏఈకి, తర్వాత ఆయన పై అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్. వేదికకు వెళ్లేటప్పుడు దరఖాస్తు రసీదు, ఎస్టిమేట్, సీటీ ఫోటో, మొదట్లో వారం పాటు రాసిన వోల్టేజీ రీడింగులు ఒకే ఫైలులో పెట్టి తీసుకెళ్లండి.